కుడి పక్క పసుపు లైటు

లస్మవ్వ చెప్పినవాటిలో ఒక్క మాట పోలీసు కాయితం మీదికి ఎక్కలేదు. లింగమూర్తికి ఆ ఒక్క మాటే కావాలి.

జులై ఇరవై, సోమవారం, పొద్దున ఎనిమిదిన్నర. గోదావరిఖని రైల్వే గేటు పక్కన టార్పాలిన్ కింద కూర్చుని లస్మవ్వ మక్క కంకులు కాలుస్తోంది. అరవై దాటిన మనిషి, కంటిచూపు మాత్రం గట్టిది. లింగమూర్తి ఎదురుగా ఇటుక మీద కూర్చుని ఆమె వాంగ్మూలం నకలు చదివి వినిపించాడు. పద్నాలుగో తారీఖు మంగళవారం సాయంత్రం పెద్ద వానలో ఒక జీపు వచ్చి గేటు ముందు ఆగింది. గేటు తియ్యగానే వెళ్లిపోయింది. కాసేపటికి అవతల ఎవరో పడి ఉన్నారని అరుపులు వినపడ్డాయి. అంతవరకే ఉంది. కింద వేలిముద్ర, దాని పక్కన రాసుకున్న సీఐ నర్సింగరావు సంతకం.

"ఇంకేమన్న చెప్పినవా అవ్వా?"

"లైట్ల ముచ్చట చెప్పిన. రాసుకోలె. నవ్విండ్రు."

ఆ ముచ్చట లింగమూర్తి రెండుసార్లు చెప్పించుకున్నాడు. గేటు ముందు రోడ్డు కొంచెం ఎత్తుగా ఉంటుంది. జీపు వెనక్కి జారకుండా డ్రైవరు మాటిమాటికి బ్రేకు తొక్కుతున్నాడు. తొక్కినప్పుడల్లా ఎడమ పక్క ఎర్ర లైటు భగ్గుమంటోంది. కుడి పక్కది మాత్రం మసగ్గా ఉంది. పైగా దాని పక్కనున్న పసుపు లైటు కూడా మసగ్గా వెలుగుతోంది. మిటుకు మిటుకుమనకుండా నిలకడగా. బ్రేకు వదిలితే పసుపుది ఆరిపోతోంది. ఆమె దుకాణం జీపుకు కుడివైపు వెనకాల, పది అడుగుల దూరంలో ఉంది.

నడిపే మనిషిని చూశావా అని అడిగితే ఆమె కంకిని తిప్పి, అంత వానలో ఏం కనపడుతుందంది. లింగమూర్తి రెట్టించలేదు.

అక్కణ్నుంచి గేటుమన్ బిక్షం దగ్గరికి వెళ్లి గేటు బుక్కు చూశాడు. బొగ్గు బండి కోసం ఐదు గంటల రెండు నిమిషాలకు గేటు వేశారు, ఐదూ పదకొండుకు తీశారు. జీపు ముందు లైట్లు రెండూ తన కళ్లల్లో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నానని బిక్షం పోలీసులకు చెప్పాడు. ఆ మాట కాయితంలో ఉంది. గేటు వేసి ఉండగానే, ఐదూ పది ప్రాంతంలో, సైకిలు దిగి పక్క సందులోంచి దాటుకుని పోయినవాడు ఆగయ్య. ఐదూ ఇరవైకి బస్సు డ్రైవరు చూసేసరికి గేటు అవతల నాలుగు వందల అడుగుల్లో రోడ్డు పక్కన చచ్చి పడి ఉన్నాడు.

ఆగయ్య ఇసుక లారీలు లెక్కపెట్టే గుమస్తా. మే నెలలో గోదావరి ఒడ్డున ఇసుక గుంట కూలి ఇద్దరు కూలి ఆడవాళ్లు చనిపోతే, నదిలో మునిగి చనిపోయారని పోలీసులు రాసేశారు. కూలింది కళ్లారా చూశానని, మేజిస్ట్రేటు ముందు చెబుతానని ఆగయ్య నలుగురిలో అన్నాడు. చెప్పాల్సిన రోజు జులై పదహారు. పద్నాలుగున చనిపోయాడు. పదిహేనున పోలీసులు అద్దె జీపు నడుపుకునే అబ్దుల్ రజాక్‌ను పట్టుకెళ్లారు. పది రోజుల కింద సైకిలు అడ్డం వచ్చిందని అతను ఆగయ్యతో తగువు పడ్డాడట. జీపు కుడి హెడ్‌లైటు పగిలి ఉందట, ఆ గాజు పెంకులు రోడ్డు మీద దొరికాయట.

రజాక్ భార్య అమీరున్నీసా వరంగల్ బస్సెక్కి లింగమూర్తి ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. పోలీసులు బండిని మా ఇంటి ముందునుంచి తీసుకుపోయినప్పుడు రెండు లైట్లూ పగలకుండా సలామత్‌గా ఉన్నాయని, ఆ మాట ఎవరికి చెప్పినా పెళ్లాం మాట కదా అంటున్నారని చెప్పింది. ఏడవలేదు. నీకు నమ్మకం లేకపోతే ఇప్పుడే చెప్పన్నా, ఇంకొకరి దగ్గరికి పోతానంది. ఆ మాటకే లింగమూర్తి కేసు తీసుకున్నాడు. పద్నాలుగేళ్లు హెడ్ కానిస్టేబులుగా యాక్సిడెంటు కేసులే చూసినవాడు. నాలుగేళ్ల కింద ఒక దొంగ పంచనామా మీద సంతకం పెట్టనని ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు వకీళ్ల తరఫున కేసుల ఆరా తీస్తున్నాడు. అప్పుడు ఆ సంతకం పెట్టమన్నది నర్సింగరావే.

* * *

స్టేషన్ యార్డులో ఉన్న రజాక్ జీపును పరీక్ష చేసుకోవడానికి మేజిస్ట్రేటు అరగంట ఇచ్చాడు. పదిన్నర నుంచి పదకొండు. చూసి సంతకాలు పెట్టే పంచులుగా ఒక స్కూలు పంతులు, తపాలాఫీసు గుమస్తా వచ్చారు. మెకానిక్‌గా అమీరున్నీసా అన్న బద్రుద్దీన్ వచ్చాడు. ఒక బ్యాటరీ, టెస్ట్ ల్యాంపు, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక పాత గొంగడి అతని సరంజామా. అమీరున్నీసాను లోపలికి రానివ్వలేదు. ఆమె కాంపౌండు గోడ అవతల నిలబడింది.

నర్సింగరావు కుర్చీ వేయించుకుని యార్డులోనే కూర్చున్నాడు. ఏం లింగమూర్తీ, ఇప్పుడు లైట్లు బాగుచేసే పనిలో దిగినవా అని పలకరించాడు. లింగమూర్తి గడియారం చూసి, పదిన్నర అయిందని పంతులుగారితో రాయించాడు.

బద్రుద్దీన్ లోపల కూర్చుని ఒక్కొక్కటీ వేశాడు. ఎండలో లైటు ఆనదు గనక లింగమూర్తి వెనక లైట్ల మీద గొంగడి కప్పి తల లోపల పెట్టి చూశాడు. పార్కింగ్ లైట్లు సరిగ్గా ఉన్నాయి. కుడి ఇండికేటరు, ఎడమ ఇండికేటరు సరిగ్గా మిటుకుతున్నాయి. బ్రేకు తొక్కితే రెండు పక్కలా ఎర్రగా, సమానంగా వెలిగింది. పసుపు ఊసే లేదు. తర్వాత కుడి పక్క లైటు కప్పు విప్పించాడు. అడుగున ఎర్తు వైరు బిగించిన స్క్రూ మీద బండి రంగే పూసి ఉంది. ఆ రంగు మీద గట్టిపడిన బొగ్గు దుమ్ము. ఈ స్క్రూను ఏళ్లుగా ఎవరూ తిప్పలేదని పంచులిద్దరూ వేలితో తడిమి చూసి రాశారు.

అయితే ముసల్ది అబద్ధం చెప్పిందన్న మాటేగా అన్నాడు నర్సింగరావు. బ్రేకు తొక్కితే పసుపు లైటు వెలిగే బండి భూమ్మీద ఉందా అని, కానిస్టేబుళ్ల వైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు.

"బద్రూ భాయ్, ఆ స్క్రూ విప్పు," అన్నాడు లింగమూర్తి.

రంగు పగిలి స్క్రూ వదులైంది. బద్రుద్దీన్ ఎర్తు వైరు ఊడదీసి పక్కకు పెట్టి, లోపలికి వెళ్లి బ్రేకు తొక్కాడు. పంతులుగారు గొంగడి కింద తల పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత గుమస్తా పెట్టాడు. ఎడమ పక్క ఎర్ర లైటు ఎప్పటిలాగే ఉంది. కుడి పక్కది మసగ్గా ఉంది. దాని పక్కనున్న పసుపు లైటు మసగ్గా, నిలకడగా వెలుగుతోంది. బ్రేకు వదిలితే ఆరిపోయింది.

పంతులుగారు ఎందుకట్లా అని అడిగారు. లైటుకు వచ్చిన కరెంటు ఎర్తు దారిలో బయటికి పోవాలని, ఆ దారి తెగితే పక్కనున్న ఇండికేటరు బల్బులో దూరి పోతుందని, అందుకే రెండూ మసగ్గా వెలుగుతాయని లింగమూర్తి చెప్పాడు. గేటు దగ్గర ఆగిన జీపుకు ఈ రోగం ఉంది. ఈ జీపుకు ఏనాడూ లేదు. లస్మవ్వ చూసింది ఇంకొక బండిని.

ఇంత చెబుతున్నా బద్రుద్దీన్ బండి దిగలేదు. స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. రెండోసారి పిలిస్తే దిగాడు. ఏమైందంటే తర్వాత చెబుతానని సైగ చేశాడు.

పదీ యాభై. లింగమూర్తి జీపు ముందుకు వచ్చాడు.

కుడి హెడ్‌లైటు గాజు సరిగ్గా నడిమధ్యలో పగిలింది. లోపలి బల్బు గాజు కూడా పోయింది. లోపలి తీగలు రెండూ, ఒకటి బ్రైటుకి, ఒకటి డిమ్ముకి, తెగకుండా ఉన్నాయి. అతను భూతద్దం తీసి పంతులుగారి చేతికిచ్చాడు. తీగ ఏ రంగులో ఉందో చూసి రాయమన్నాడు. కొత్త వెండిలాగా తళతళలాడుతోందని పంతులుగారు రాశారు.

బద్రుద్దీన్ జేబులోంచి అట్లాంటిదే ఇంకొక బల్బు తీశాడు. గుడ్డలో చుట్టి పట్టకారుతో గాజు పగలగొట్టి, బ్యాటరీ వైర్లు తగిలించాడు. తీగ ఒక్క క్షణం తెల్లగా మండి, పొగ చిమ్మి తెగిపోయింది. మిగిలిన ముక్కలు నల్లగా కమిలాయి. చుట్టూ పసుపూ తెలుపూ కలిసిన బూడిద అంటుకుంది. రెండు బల్బులూ తెల్లకాయితం మీద పక్కపక్కన పెట్టాడు లింగమూర్తి.

"వెలుగుతున్న బల్బు గాజు పగిలితే గిట్ల అయితది," అని కమిలినదాన్ని చూపించాడు. "ఆరి ఉన్న బల్బు పగిలితే గట్ల ఉంటది. జీపు లైట్లు రెండూ వెలుగుతున్నయని మీ బిక్షం మీ కాయితంలోనే చెప్పిండు. మరి ఈ లైటు ఆరి ఉన్నప్పుడు పగిలింది. రోడ్డు మీద పగల్లే. ఎక్కడ పగిలిందో, ఎవరు పగలగొట్టిండ్రో మీరే చెప్పాలె."

నర్సింగరావు కుర్చీలోంచి లేచాడు. అరగంట అయిపోయిందన్నాడు. ఇంకా ఆరు నిమిషాలున్నాయన్నాడు లింగమూర్తి. బల్బు స్టేషన్ సొత్తని, దాన్ని ముట్టుకోవద్దని నర్సింగరావు పంతులుగారి చేతిలోంచి కాయితం లాక్కోబోయాడు. పంతులుగారు కాయితాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నారు.

"ఈ యార్డు నాది లింగమూర్తీ. ఏది రాయాల్నో నేను చెప్త."

"యార్డు మీది. ఆర్డరు మేజిస్ట్రేటుది. రాసేటోళ్లు పంచులు. మీరు చూడొచ్చు, గంతే."

"ఒక్క సంతకం పెట్టనన్నందుకు ఏమైందో యాదికున్నదా?"

"మంచిగ యాదికున్నది. గందుకే ఇయ్యాల రెండు పెట్టిస్తున్న."

పంచులిద్దరూ సంతకాలు చేశారు. బల్బును కవరులో పెట్టి లక్కతో సీలు వేశారు. బయట కాచుకుని ఉన్న రజాక్ వకీలు గుమస్తా దాన్ని అక్కడికక్కడే తీసుకుని కోర్టుకు బయల్దేరాడు. పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ.

వెనక్కి తిరుగుతుంటే నర్సింగరావు చల్లగా అన్నాడు. ఆ ముసల్దాన్ని ఒంటిగంటకు స్టేషన్‌కు రప్పిస్తానని, లైట్ల ముచ్చట ఈసారి తానే దగ్గర కూర్చోబెట్టుకుని సరిగ్గా రాస్తానని.

గోడ అవతల అమీరున్నీసా అంతా విన్నది. ఏమైందని అడగలేదు. హెడ్‌లైటు మాట నిజమైంది కదా అన్నా అని మాత్రం అంది.

* * *

కవరు కోర్టులో అందిందని చూసుకుని బద్రుద్దీన్ షెడ్డుకు వచ్చేసరికి పన్నెండున్నర. అతను షట్టరు సగం దించి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కున్నాడు. తర్వాత నేల మీద కూర్చుని చెప్పాడు. పదిహేనో తారీఖు పొద్దున, తన బావను ఇంకా పట్టుకుపోకముందే, ఒక జీపు రిపేరుకు వచ్చింది. కుడి వెనక లైటు సరిగ్గా రావట్లేదని, బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలుగుతోందని డ్రైవరు చెప్పాడు. ఎర్తు స్క్రూ తుప్పు పట్టి ఊడింది. తుప్పు గీకి కొత్త స్క్రూ వేశాడు. పది నిమిషాల పని. ముందు ఇనుప గార్డు మీద గీతలున్నాయి గానీ కోల్ బెల్టులో గీతలు లేని బండి ఏది? పట్టించుకోలేదు. లస్మవ్వ మాట పోలీసు కాయితంలో లేదు గనక ఇవాళ యార్డులో చెవిన పడేదాకా అతనికి తెలియనే తెలియదు.

"నా చేత్తోనే సాక్ష్యం, సబూతు మొత్తం తుడిచేసిన భాయ్. నా చెల్లె మొగడు జైల్ల ఉంటే."

ఎవరి జీపని లింగమూర్తి అడిగాడు. ఇసుక కాంట్రాక్టరు గట్టయ్యదని బద్రుద్దీన్ చెప్పాడు. కూలిన గుంట గట్టయ్యదే. ఈ షెడ్డు నిలబడిన జాగా కూడా గట్టయ్యదే. కోర్టులో ఈ మాట చెబితే సాయంత్రానికి సామాను రోడ్డు మీద ఉంటుంది. లింగమూర్తి తొందరపెట్టలేదు. ఆలోచించుకోమన్నాడు.

ఆలోచించేదేం లేదన్నాడు బద్రుద్దీన్. షెడ్డు పోతే చెట్టు కింద పెట్టుకుంటానన్నాడు. కాయితం తీసి ఉర్దూలో తన వాంగ్మూలం రాశాడు. తారీఖు, టైము, బండి నంబరు, తాను వేసిన స్క్రూ సైజుతో సహా రాసి సంతకం చేశాడు. రాసినంతసేపూ అతని చెయ్యి ఆగలేదు.

అయినా లింగమూర్తికి ఒకటి కుదరలేదు. గట్టయ్య కాలు విరిగి నెల రోజులుగా మంచిర్యాల దవాఖానలో ఉన్నాడు. జీపు తెచ్చిన డ్రైవరు పద్నాలుగున సెలవులో ఉన్నానని, పదిహేను పొద్దునే డ్యూటీ ఎక్కి లైటు సంగతి చూసుకున్నానని చెప్పాడట. మరి పద్నాలుగు సాయంత్రం ఆ బండి నడిపింది ఎవరు?

పన్నెండూ నలభై ఐదు. ఒంటిగంటకు లస్మవ్వ కోసం పోలీసు బండి వస్తుంది. ఇద్దరూ స్కూటరెక్కారు.

* * *

గేటు వేసి ఉంది. ఇవతల సైకిళ్లతో, లారీలతో ముప్ఫై మందిదాకా ఆగారు. లస్మవ్వ దుకాణం దగ్గరే ఉంది. పోలీసులు వస్తున్నారని, తమతోపాటు వకీలు ఇంటికి వచ్చెయ్యమని లింగమూర్తి గబగబా చెప్పాడు. ఆమె కదల్లేదు.

"లైట్ల ముచ్చట ఏమైంది కొడుక?"

నిజమని తేలిందని చెప్పాడు. ఇద్దరు పెద్దమనుషులు కళ్లారా చూసి, రాసి, సంతకాలు పెట్టారని చెప్పాడు. ఆమె చేతిలోని విసనకర్ర కింద పెట్టింది.

"అయితే మిగిలింది రాసుకో."

లింగమూర్తి పెన్ను తీశాడు. గేటు ఎంతకూ తియ్యకపోతే జీపు వెనక్కి తీద్దామనుకున్నాడో ఏమో, నడిపే మనిషి తల బయటపెట్టి వెనక్కి చూశాడని ఆమె చెప్పింది. వానకు నెత్తి మీద రుమాలు కప్పుకున్నాడు, అయినా పది అడుగుల దూరంలో మొహం నిండుగా కనపడింది. ఒక్కడే ఉన్నాడు. సివిల్ బట్టల్లో ఉన్నాడు. అప్పుడతను ఎవరో ఆమెకు తెలియదు. తెల్లారి తెలిసింది.

"తెల్లారి ఖాకీ బట్టలేసుకుని నా దగ్గరికే వచ్చిండు. ఏం చూసినవ్, ఎవర్ని చూసినవ్ అని అడిగి, నేను చెప్పింది తనే రాసుకున్నడు. గా సీఐ సారు."

గట్టయ్యను కాపాడటానికి ఇద్దరు ఆడవాళ్లు నదిలో మునిగారని రాసింది ఎవరో, ఆగయ్య నోరు విప్పితే ఎవరి రాత అబద్ధమవుతుందో లింగమూర్తికి ఒక్కసారిగా వరసలో పడింది. పొద్దున అడిగితే ఎందుకు చెప్పలేదన్నాడు.

"కండ్లతోని చూసిన లైటు చెప్తెనే నవ్విండ్రు. మనిషిని చెప్తె నమ్ముదురా? ముందు గది తేలనీ అనుకున్న."

రాయడం అయింది. వేలిముద్రకు ఇంకు లేదు. లస్మవ్వ ఆరిన బొగ్గు ఒకటి తీసి బొటనవేలికి రుద్దుకుని, కాయితం మీద గట్టిగా ఒత్తింది. అప్పుడే సైకిళ్ల వెనకాల పోలీసు జీపు ఆగింది. ముందు సీట్లోంచి నర్సింగరావు దిగాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వెనక దిగారు.

నడువమన్నాడు నర్సింగరావు. లస్మవ్వ కూర్చునే ఉంది. చెప్పేది ఇక్కడే చెప్పేశానని, నలుగురి ముందే వినుకొమ్మని అంది.

లింగమూర్తి ఇటుక మీదికెక్కి కాయితం విప్పాడు. తారీఖుతో మొదలుపెట్టి, గేటు వేసిన టైము, తీసిన టైము, కుడి పక్క పసుపు లైటు, అన్నీ అందరికీ వినపడేలా చదవసాగాడు. సైకిళ్లవాళ్లు దగ్గరికి జరిగారు. లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. బిక్షం గేటు పట్టుకునే ఆగిపోయాడు.

ఆఖరి వాక్యంలో పేరు వచ్చింది. నర్సింగరావు చెయ్యి నడుముకున్న రివాల్వరు మీదికి వెళ్లింది.

లింగమూర్తి ఆ చేతిని చూశాడు. చూసి, ఆ వాక్యాన్ని మొదట్నుంచి ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా చదివాడు.